ఏలికను ఏలేదెవరు?

తన మనసును తన అదుపులో ఉంచుకోలేనివాడు పదిమందిని నడపగలడా అన్న ప్రశ్నను భారతీయ రాజనీతి గ్రంథాలు మొక్కుబడిగా వల్లించే ధర్మపన్నంగా చూడలేదు. పాలన అనే శాస్త్రానికి అదే పునాది అని అవి భావించాయి. కౌటిల్యుడి పేరుతో మనకు దక్కిన అర్థశాస్త్రం 15 అధికరణాల పెద్ద గ్రంథం. కోటలు, కోశాగారం, సుంకాలు, గనులు, తూనికలు, గూఢచారులు, సేనావ్యూహాలు మొదలుకొని రాజ్యానికి సంబంధించిన సమస్త విషయాలనూ పూసగుచ్చినట్టు వివరించిన ఈ గ్రంథం వీటిలో దేనితోనూ ఆరంభం కాదు. మొదటి అధికరణానికి వినయాధికారికం అని పేరు. ఇక్కడ వినయమంటే విద్యల వల్ల, పెద్దల సాంగత్యం వల్ల, ఇంద్రియాలను గెలవడం వల్ల మనిషికి అలవడే శిక్షణ అని అర్థం. రాజు కాబోయేవాడు ముందుగా ఈ శిక్షణలో నలగాలని, అటువంటివాడికే దండనాధికారం అప్పగించదగినదని గ్రంథకర్త నిశ్చయం.

గ్రంథ రచనాకాలం గురించి పండితుల్లో భేదాభిప్రాయాలు ఉన్నాయి. శతాబ్దాల తరబడి పేరుగా మాత్రమే వినిపించిన ఈ గ్రంథం మైసూరులోని ప్రాచ్య గ్రంథాలయంలో ఆర్. శామశాస్త్రి చేతికి తాటాకుల మీద గ్రంథలిపిలో దొరికి, 1909లో అచ్చయింది. అప్పటినుంచి లోకం చూపంతా దానిలోని కూటనీతి మీదే నిలిచింది. చాణక్యనీతి అంటే ఎత్తుకు పై ఎత్తు వేయడమని జనం అనుకోవడం అలా స్థిరపడిపోయింది. మొదటి అధికరణంలో ఇంద్రియజయాన్ని, రాజర్షి నడవడిని చెప్పిన ఆరో, ఏడో అధ్యాయాలు కొద్ది వాక్యాలకు మించనివే అయినా, నాయకుడు తనను తాను ఎలా తీర్చిదిద్దుకోవాలన్న విషయంలో వాటికి సాటివచ్చే ఆలోచన మన సంప్రదాయంలో అరుదు.

తెలుగువారికి అరిషడ్వర్గమంటే కామ, క్రోధ, లోభ, మోహ, మద, మాత్సర్యాలు. కౌటిల్యుడు చెప్పిన ఆరుగురు శత్రువుల్లో మోహమూ మాత్సర్యమూ లేవు, వాటి చోట మానమూ హర్షమూ ఉన్నాయి. ఒక్కో దోషానికీ ఇద్దరిద్దరు రాజుల చొప్పున చెడిపోయినవారిని అతడు ఉదాహరించాడు. మానమంటే ఇతరుల హితవు చెవికెక్కనివ్వని దురభిమానం. దీనికి రావణుడినీ దుర్యోధనుడినీ చూపాడు. ఇద్దరికీ తప్పు దిద్దుకునే వ్యవధి పుష్కలంగా దొరికింది, చెప్పినవారు ఇంట్లోనే ఉన్నారు, అయినా ఒకడు పరభార్యను తిరిగి పంపలేదు, మరొకడు దాయాదుల భాగం ఇవ్వలేదు. హర్షమంటే గెలుపు వల్లనో బలం వల్లనో కలిగే ఒళ్లెరుగని పొంగు. అగస్త్యుడి మీదికి వెళ్లి నశించిన వాతాపినీ, ద్వైపాయనుడి జోలికి పోయి నశించిన వృష్ణి సంఘాన్నీ దీనికి నిదర్శనంగా పేర్కొన్నాడు.

మోహాన్ని విడిచి హర్షాన్ని ఎందుకు చేర్చాడో గ్రంథకర్త చెప్పలేదు. అయితే జాబితాను నిదానంగా పరిశీలిస్తే అతడి దృష్టి రాజు మోక్షం మీద లేదని, రాజు చేతికింద బతికే ప్రజల క్షేమం మీద ఉందని అర్థమవుతుంది. మోహం సాధకుడికి పెద్ద అడ్డంకి, అది అతడిని సంసారానికి కట్టిపడేస్తుంది. అధికారంలో ఉన్నవాడి హర్షం మాత్రం అతడి ఒక్కడితో పోయేది కాదు. నిన్న గెలిచిన పద్ధతే రేపూ గెలిపిస్తుందన్న ధీమాతో అతడు తీసుకునే నిర్ణయం వేలమంది మెడకు చుట్టుకుంటుంది. వాతాపి కథలో గమనించవలసిందీ ఇదే. అతడి మాయ అంతకుముందు ఎందరి మీదనో పారింది కాబట్టే ఎదుట ఉన్నవాడు ఎవరో ఆలోచించవలసిన అవసరం అతడికి తోచలేదు. ఓటమి నాయకుడిని కుంగదీస్తుందని అందరికీ తెలుసు, ఆ సమయంలో ఓదార్చేవారూ ఉంటారు. గెలుపు అతడిని ఎంత త్వరగా చెరుపుతుందో గుర్తించి, దానిని కామక్రోధాలతో సమానమైన శత్రువుగా లెక్కించిన ఘనత ఈ గ్రంథానిది.

ఇంద్రియజయమని చెప్పినంత మాత్రాన కౌటిల్యుడు రాజును కాషాయం కట్టమనలేదు. ధర్మానికీ అర్థానికీ విరోధం రాకుండా సుఖాలు అనుభవించవచ్చని, సుఖమే లేకుండా బతకనక్కరలేదని స్పష్టంగా చెప్పాడు. నిగ్రహమంటే ఒంటిని హింసించుకోవడం అనుకునే ధోరణి సాధకులకు ఎంతవరకు మేలు చేస్తుందో గానీ పాలకులకు చేటు. తనకు ఏమీ వద్దనుకున్నవాడు ఇతరులకు కావలసిన వాటిని చిన్నచూపు చూసే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

ఈ చర్చలో అన్నిటికంటె లోతైన మాట ఏడో అధ్యాయంలో ఉంది. రాజు తనకు హద్దులు నిర్ణయించే ఆచార్యులనో అమాత్యులనో తానే నియమించుకోవాలని, వారు అతడిని అపాయస్థానాల నుంచి తప్పించాలని, ఏకాంతంలో అతడు ఏమరుపాటున ఉంటే కాలాన్ని కొలిచే నీడతోనూ నాళికతోనూ ములుకోలతో పొడిచినట్టు పొడిచి హెచ్చరించాలని అక్కడ విధించాడు. నాళిక అంటే 24 నిమిషాల కాలం. కుండకు అమర్చిన నాలుగు అంగుళాల సన్నని బంగారు గొట్టం గుండా ఒక ఆఢకం నీరు కారిపోయే వ్యవధిగా దానిని గ్రంథంలో మరోచోట నిర్వచించాడు. పగటిని ఎనిమిది భాగాలుగా, రాత్రిని మరో ఎనిమిది భాగాలుగా విభజించి, దాదాపు గంటన్నర వంతున ఒక్కో భాగానికీ పని కేటాయించాడు. పగటి తొలి భాగంలో రక్షణ ఏర్పాట్లు, ఆదాయవ్యయాలు వినాలి, రెండో భాగంలో పురజనుల, జానపదుల వ్యవహారాలు చూడాలి, మూడో భాగంలో స్నానభోజనాలు, స్వాధ్యాయం. రాత్రి నిద్రకు మిగిలింది మూడు భాగాల లోపే. తన పనివేళలను శక్తికి తగినట్టు మార్చుకునే వెసులుబాటు రాజుకు ఉన్నా, వాకిట నిలబడిన అర్థిని నిలబెట్టి ఉంచే వెసులుబాటు లేదు. దర్శనం దొరకని రాజు చేత, దగ్గర చేరినవారు చేయకూడనివి చేయిస్తారని, చేయవలసినవి మాన్పిస్తారని అతడు హెచ్చరించాడు.

ములుకోల పట్టేవాడిని రాజే ఎంచుకోవాలన్న ఈ ఏర్పాటులో ఆత్మసంస్కారం గురించిన ఒక కఠిన సత్యం ఉంది. మనిషి తన దోషాన్ని తానుగా చూడలేడు, చూడగలిగినా అధికారం చేతికొచ్చాక చూడడానికి ఇష్టపడడు. అందుచేత మనసు నిర్మలంగా ఉన్నప్పుడే, అది చెదిరిన రోజున తనను ఆపే హక్కు మరొకరికి రాసి ఇవ్వాలి. ఇంద్రియజయం ఒకడు తన గదిలో కూర్చుని సాధించే సిద్ధి అయితే ఈ ఏర్పాటుతో పనే లేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పకుండా ముందుకు సాగడం న్యాయం కాదు. రాజును రాజర్షిగా తీర్చిదిద్దాలన్న గ్రంథమే తరువాతి అధికరణాల్లో విషప్రయోగాలను, సన్యాసి వేషధారులైన గూఢచారులను, కోశం ఖాళీ అయినప్పుడు జనం మూఢభక్తిని ఆసరా చేసుకుని డబ్బు రాబట్టే ఉపాయాలను కూడా బోధించింది. ఆకలి, నిద్ర, కోపం అన్నిటినీ అణచుకుని, వేళ తప్పకుండా పనిచేసే క్రూరుడు కూడా లోకంలో ఉండగలడు. నిగ్రహం ఒక బలం మాత్రమే. ఆ బలాన్ని ఏ పనికి వాడాలో నిగ్రహం తనంతట తాను చెప్పలేదు. ప్రజల సుఖంలోనే రాజు సుఖం ఉందని కౌటిల్యుడు అన్నమాట నిజమే అయినా, ఆ ప్రజల్లో శత్రుదేశపు ప్రజలూ ఓడిన ప్రజలూ ఉన్నారా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. దానికి సమాధానం వెతకాలంటే గ్రంథాన్ని పక్కనపెట్టి బండల దగ్గరికి వెళ్లాలి.

కర్నూలు జిల్లాలో జొన్నగిరికి చేరువలో ఉన్న ఎర్రగుడి గుట్ట మీద క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అశోకుడు చెక్కించిన 14 ప్రధాన శిలాశాసనాలూ, వాటితోపాటు లఘు శిలాశాసనమూ ఉన్నాయి. విజయాలనూ వంశప్రతాపాన్నీ చాటుకునే ప్రశస్తి శాసనాలకు అలవాటుపడిన చరిత్ర పాఠకుడు ఇక్కడ మరో రకమైన మాటలు చదువుతాడు. రాజు తన వంటశాల లెక్క చెప్పాడు. పూర్వం కూరల కోసం రోజూ లక్షల సంఖ్యలో ప్రాణులను చంపేవారని, శాసనం రాయించే నాటికి అది రెండు నెమళ్లకూ ఒక జింకకూ తగ్గిందని, ఆ జింక కూడా ప్రతిరోజూ కాదని, ఇకముందు ఈ మూడింటినీ చంపబోరని మొదటి శాసనం తెలిపింది. అంతా మానేశామని ఒక్క వాక్యంలో చెప్పించుకోగలిగిన చక్రవర్తి, ఇంకా మిగిలిన మూడింటినీ దాచకుండా చెప్పించాడు. ఆత్మసంస్కారం ఎంత దూరం వచ్చిందో, ఎక్కడ ఆగి ఉందో ప్రజలకు తెలియాలన్న నిజాయితీ అది.

లఘు శాసనంలోని ఒప్పుకోలు ఇంకా విశేషమైనది. తాను బౌద్ధ ఉపాసకుడై రెండున్నర ఏళ్లు దాటిందని, అయితే మొదట ఒక ఏడాదిపాటు గట్టిగా కృషి చేయలేదని, సంఘానికి దగ్గరయ్యాకనే శ్రద్ధ పెట్టానని రాజు తానే చెప్పుకున్నాడు. ఈ కృషి ఫలం గొప్పవారికే కాదు, ప్రయత్నిస్తే చిన్నవారికీ అందుతుందని చేర్చాడు. రాజధాని పాటలీపుత్రానికి ఎంతో దూరాన ఉన్న ఈ సీమలో, తన బద్ధకాన్ని బండ మీద చెక్కించి జనానికి చదివి వినిపించమన్న పాలకుడి ధైర్యాన్ని తక్కువగా అంచనా వేయకూడదు.

ఆరో శాసనంలో ప్రతివేదకుల ప్రసక్తి ఉంది. ప్రతివేదకులంటే ప్రజల సంగతులు రాజుకు నివేదించే ఉద్యోగులు. తాను భోజనం చేస్తున్నా, అంతఃపురంలో ఉన్నా, పడకగదిలో ఉన్నా, ఉద్యానవనంలో ఉన్నా వారు ఎప్పుడైనా రావచ్చని, తాను నోటిమాటగా ఇచ్చిన ఆజ్ఞ గురించి పరిషత్తులో వివాదం పుడితే ఆ విషయం వెంటనే తనకు తెలియాలని అశోకుడు ఆదేశించాడు. కౌటిల్యుడు చెప్పిన ములుకోలకు ఇక్కడ మరింత విస్తృతమైన రూపం కనిపిస్తుంది. వేళ దాటితే ఆచార్యుడు హెచ్చరించడం ఒక మెట్టు. రాజు ఏకాంతమంతా ప్రజల పనికి తెరిచి ఉండటం, రాజాజ్ఞ మీద వచ్చిన అభ్యంతరం రాజు చెవికి చేరడం దానికి పై మెట్టు.

కళింగ యుద్ధంలో లక్షన్నర మంది చెరపట్టబడ్డారని, లక్షమంది హతులయ్యారని, అంతకు ఎన్నో రెట్లు మంది మరణించారని 13వ శాసనం తెలిపింది. ఆ పశ్చాత్తాపం లోకప్రసిద్ధం కాబట్టి దానిని విస్తరించనక్కరలేదు. అంతగా చర్చకు రానిది కళింగలోని ధౌలి, జౌగడల్లో ఈ శాసనానికి బదులుగా వేయించిన ప్రత్యేక శాసనాలు. అక్కడి న్యాయవిచారణాధికారులను ఉద్దేశించి, కొందరు కారణం లేకుండానే చెరసాల పాలవుతున్నారని, చిత్రహింసలకు గురవుతున్నారని ఒప్పుకుని, నిష్పక్షపాతంగా ఉండనివ్వని దోషాలను రాజు వరుసగా చెప్పాడు. అవి ఈర్ష్య, ఇట్టే వచ్చే కోపం, కాఠిన్యం, తొందరపాటు, అభ్యాసం లేకపోవడం, సోమరితనం, అలసట. ఈ జాబితాలోని చివరి పదం దగ్గర ఏ పాఠకుడైనా ఒక్క క్షణం ఆగాలి. అలసటను దోషంగా లెక్కించిన నీతిశాస్త్రం ఎక్కడో గాని కనిపించదు. పొద్దంతా వ్యాజ్యాలు విని డస్సిపోయిన అధికారి ఆఖరున వచ్చిన బీదవాడి మొర సగమే వింటాడని, ఆ సగం వినికిడి వల్ల ఒక మనిషి చెరలో మగ్గుతాడని తెలిసిన పాలకుడు మాత్రమే ఆ పదం రాయించగలడు. ఈ శాసనాన్ని తిష్య నక్షత్రం ఉన్న రోజున చదివి వినిపించాలని, కాఠిన్యం లేని మహామాత్రుడిని ఐదేళ్లకొకసారి తనిఖీకి పంపుతానని కూడా చెప్పాడు. గుణం అలవడాలని ఉపదేశించి ఊరుకోకుండా, దానిని తనిఖీ చేసే ఏర్పాటు చేశాడు.

తన పుణ్యకార్యాన్ని చూసుకుని ఇది నేను చేశానని మురిసే మనిషి తన పాపాన్ని మాత్రం చూడడని, అలా చూసుకోవడం నిజంగా కష్టమని స్తంభశాసనాల్లో మూడోది చెప్పింది. అశోకుడి విషయంలోనూ ఇది వర్తిస్తుంది. కళింగను జయించినందుకు బాధపడ్డాడు గాని కళింగను తిరిగి ఇచ్చినట్టు ఏ శాసనమూ చెప్పదు. అదే 13వ శాసనంలో అడవి జాతులకు, రాజు పశ్చాత్తాపంతో ఉన్నా దండించే శక్తి అతడికి ఉందని గుర్తుచేసే హెచ్చరికా ఉంది. ఈ లోపాలను చూపడం అతడిని తగ్గించడానికి కాదు. బండ మీద తన తప్పు రాయించుకున్న పాలకుడికి కూడా కనబడని తప్పు మిగిలి ఉందంటే, ఎంతటి ఆత్మపరిశీలన అయినా బయటివారి చూపుకు బదులు కాలేదని తెలుసుకోవడానికి.

మంచిచెడ్డలు తెలియకపోవడం నాయకుల అసలు సమస్య కాదని మహాభారతం ఇంకోవైపు నుంచి చూపింది. ఉద్యోగపర్వంలో నిద్రపట్టని ధృతరాష్ట్రుడు విదురుడిని పిలిపించుకుని రాత్రంతా నీతి వింటాడు. ప్రతి మాటకూ ఒప్పుకుంటాడు, ఇంకా చెప్పమంటాడు. చివరికి, నీవు చెబుతుంటే నా బుద్ధి అటే మొగ్గుతుంది గాని దుర్యోధనుడు కనబడగానే మళ్లీ తిరిగిపోతుందన్న భావాన్ని తన నోటనే పలికి, దైవం మీద భారం వేస్తాడు. అతడికి ఉపదేశకుడు ఉన్నాడు, వినే ఓపిక ఉంది, చెప్పినది మంచిదన్న వివేకమూ ఉంది. లేనిది ఒక్కటే. విదురుడి మాటకు తనను కట్టిపడేసే శక్తిని ఆ రాజు ఇవ్వలేదు. నీతిని అతడు నిద్రపట్టని రాత్రి వేళకు ఊరటగా వాడుకున్నాడు. మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉంటూ ఈ పర్వాన్ని తెలుగు చేసిన తిక్కన, సలహా చెప్పేవాడి నిస్సహాయత ఎటువంటిదో దగ్గరగా ఎరిగి ఉంటాడు.

ఆధునిక కాలంలో వ్యక్తిగత వ్రతాన్ని నాయకత్వానికి మూలంగా నిలిపినవాడు గాంధీ. 1930లో యెరవాడ జైలు నుంచి ఆశ్రమవాసులకు వారం వారం రాసిన లేఖల్లో సత్యం, అహింస, అస్తేయం, అపరిగ్రహం, అభయం మొదలైన వ్రతాలను వివరించాడు. ఆ వ్రతనిష్ఠ ఎంత గొప్పదో, ఎంత క్లిష్టమైన ప్రశ్నను లేవనెత్తిందో 1922 ఫిబ్రవరిలోనే తేలింది. చౌరీచౌరాలో జనం పోలీసు ఠాణాకు నిప్పుపెట్టి పోలీసులను చంపినప్పుడు, ఆ హింసకు తన బాధ్యత ఉందని ఐదు రోజులు ఉపవసించి, బార్డోలీలో సహాయ నిరాకరణ ఉద్యమాన్నే నిలిపివేయించాడు. జైళ్లలో ఉన్న మోతీలాల్ నెహ్రూ, లాలా లజపతిరాయ్ వంటి సహచరులు ఈ నిర్ణయానికి తీవ్రంగా నొచ్చుకున్నారు. గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన శిస్తు కట్టబోమని క్రమశిక్షణతో నిలబడిన రైతుల త్యాగం కూడా ఆ రోజుల్లోనే అసంపూర్ణంగా ముగిసింది. అహింస విషయంలో గాంధీ చూపిన పట్టుదల నైతికంగా సమర్థనీయమే. తన కారణాలను అతడు పత్రికలో బాహాటంగా వివరించాడు కూడా. అయినా, ఒక నాయకుడి అంతరాత్మ పడిన బాధకు మూల్యం చెల్లించినవారిలో ఆ బాధతో సంబంధం లేనివారూ ఉన్నారు. ఒక్క మంత్రితో ఆలోచించవద్దని, అతడు అదుపు లేకుండా పోతాడని, ముగ్గురు నలుగురితో ఆలోచించాలని అర్థశాస్త్రం విధించింది. అంతరాత్మ ఎంత శుద్ధమైనదైనా అది కూడా ఒక్క మంత్రే.

నేడు తెలుగునాట వ్యక్తిత్వ వికాసం పేరుతో పుస్తకాలూ శిక్షణ తరగతులూ వెల్లువెత్తుతున్నాయి. తెల్లవారుజామున లేవడం, లక్ష్యాలు రాసుకోవడం, సభలో జంకు లేకుండా మాట్లాడటం, కోపం అణచుకోవడం నేర్పుతున్నాయి. వీటివల్ల మేలు లేదనడం సరికాదు. కౌటిల్యుడి దినచర్యలోని ఎనిమిది భాగాలను అవి చక్కగా బోధిస్తున్నాయి, ములుకోలను మాత్రం విడిచిపెట్టాయి. శిష్యుడు తనను తాను మెరుగుపరచుకుంటాడు గాని, తనను ఆపే హక్కు ఎవరికి ఇచ్చాడన్న ప్రశ్న అక్కడ ఎదురుకాదు. అందుకే కొందరు ఎంత ఎదిగితే అంతగా ఇతరుల మాట వినడం మానేస్తున్నారు.

ఆ ప్రశ్నకు సమాధానం పెద్ద వేదికల మీద కంటె ఊళ్లలోని స్వయం సహాయక సంఘాల సమావేశాల్లో ఎక్కువగా దొరుకుతుంది. పది పదిహేను మంది మహిళలు కలిసి నడుపుకునే ఈ సంఘాలకు పంచసూత్రాలని ఐదు నియమాలు ఉన్నాయి. క్రమం తప్పని సమావేశాలు, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో చెల్లింపు, ఎప్పటికప్పుడు పుస్తకాల నిర్వహణ అన్నవి ఆ ఐదు. నియమం పక్కాగా పాటించే చోట పొదుపు, అప్పు, బాకీ లెక్కలు అందరి ముందూ చదువుతారు. లీడరు కట్టవలసిన వాయిదా కూడా ఆ పుస్తకంలోనే ఉంటుంది. మీ వాయిదా ఎందుకు రాలేదని పక్కన కూర్చున్న సభ్యురాలు అడగవచ్చు, అడిగినందుకు ఆమెకు శత్రుత్వం చుట్టుకోదు. అక్కడ లీడరు నిజాయితీ ఆమె మంచితనానికి మాత్రమే విడిచిపెట్టినది కాదు, అలాగని ఆమె మంచితనంతో పనిలేనిదీ కాదు. ఈ నియమం సడలి పుస్తకం ఒకరి ఇంట్లో పెట్టెలోకి చేరిన సంఘాలు ఎలా చెదిరిపోతాయో ఊళ్లవారికి చెప్పనక్కరలేదు.

సర్పంచి పదవిలోనో, బడి ప్రధానోపాధ్యాయుడి కుర్చీలోనో, ఆలయ ధర్మకర్తల మండలిలోనో, కార్మిక సంఘంలోనో కొత్తగా బాధ్యత తీసుకునేవారు మొదటి సమావేశంలోనే ఒక పని చేయాలి. తమ నిర్ణయాన్ని కాదన్న సభ్యుల పేర్లూ, వారు చెప్పిన కారణాలూ మినిట్స్ పుస్తకంలో తప్పనిసరిగా రాయాలని తీర్మానం చేయించి, దాని కింద తామే ముందుగా సంతకం పెట్టాలి.